తిరువూరు దారిలో ముందు చక్రం

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే రోడ్డును ఇబ్రహీంపట్నం దగ్గర వదిలి ఉత్తరానికి మళ్లితే 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాం. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో బయలుదేరిన ఈ రోడ్డు జగదల్‌పూర్, భద్రాచలం, కొత్తగూడెం దాటుకుంటూ వచ్చి ఇక్కడ ఆగిపోతుంది. కొండపల్లి, జి.కొండూరు, మైలవరం, ఎ.కొండూరు మీదుగా తిరువూరు చేరేసరికి విజయవాడ డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు వెనకబడుతుంది. ఆ ఊరు దాటితే ఇక ఖమ్మం జిల్లాయే. కోట, కొండలు, మామిడి తోటలు, గంపలగూడెం వైపు తిరిగితే నెమలి వేణుగోపాలస్వామి గుడి: యాత్రికులు రాసుకోవడానికి కావలసినవన్నీ దారిలో ఉన్నాయి, రాసినవాళ్లూ ఉన్నారు. వాటితో పాటు ఈ దారిలో చూడదగ్గది ఇంకొకటి ఉంది. అది ఎదురొచ్చే బళ్ల ముందు చక్రం. స్పీడ్ బ్రేకర్ మీద అది ఎంత లేస్తోంది, దిగాక మళ్లీ నేలను ఎప్పుడు పట్టుకుంటోంది, దాన్ని పట్టుకున్న ఫోర్కు ఎంత లోపలికి దిగుతోంది అని చూస్తూ పోతే మైలవరం చేరేలోపే ఒక సంగతి తేలిపోతుంది. కొండ వాలున పందెం పెట్టే డౌన్‌హిల్ సైకిలు సస్పెన్షన్ గురించి లోకం గొప్పగా చెప్పుకుంటుంది గానీ, అంతకన్నా కష్టమైన లెక్క ఈ రోడ్డు మీద మామిడి ట్రేలు మోసే మోపెడ్‌ది. తేలిక లెక్క ఉన్న బండికి తిప్పుకోవడానికి అరడజను మీటలిచ్చి, కష్టమైన లెక్క ఉన్న బండికి దాదాపు ఏమీ ఇవ్వలేదు. నా వాదనంతా ఇదే.

కొండపల్లి నుంచే మొదలుపెట్టొచ్చు. తెల్ల పొణికి కర్రతో ఇక్కడివాళ్లు చెక్కే బొమ్మల్లో ఎడ్లబండి ఎప్పుడూ ఉంటుంది. దాని చక్రాలు చూడండి, అసలు బండిలోనూ అంతే పెద్దవి. ఆ బండికి స్ప్రింగు లేదు, రబ్బరు లేదు, ఇనప పట్టా వేసిన కర్ర చక్రం ఇరుసు మీద తిరుగుతుంది, అంతే. గతుకు తట్టుకోవడానికి వడ్రంగి చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే, చక్రాన్ని పెద్దది చేయడం. అడ్డొచ్చిన రాయిని పెద్ద చక్రం ఏటవాలుగా తాకి మెల్లగా ఎక్కుతుంది. చిన్న చక్రం దాన్ని నిటారుగా గుద్దుకుంటుంది. గుంతలోనూ అంతే: చిన్నది లోపల పడుతుంది, పెద్దది పైనుంచి దాటిపోతుంది. ఈ పాత లెక్కను డౌన్‌హిల్ లోకం చాలా ఆలస్యంగా ఒప్పుకుంది. ఏళ్ల తరబడి 26 అంగుళాల చక్రాలతోనే గడిపి, తర్వాత ఇంకాస్త పెంచి, చివరికి 2017లో 29 అంగుళాలకు వచ్చింది. ఆ ఏడాది స్కాట్లండ్‌లోని ఫోర్ట్ విలియమ్ ప్రపంచ కప్ పందేన్ని దక్షిణాఫ్రికా రైడర్ గ్రెగ్ మినార్ ఆ చక్రాల మీదే గెలిచాడు. మన మోపెడ్ మాత్రం ఎడ్లబండికి ఎదురుదిశలో నడిచింది. టీవీఎస్ 50 పేరుతో 1980లో రోడ్డెక్కి, ఇప్పుడు ఎక్స్‌ఎల్ 100గా తిరుగుతున్న ఆ బండికి రిమ్ము 16 అంగుళాలు, టైరుతో కలిపినా ఇరవై ఒకటి. బరువు కిందికి ఉండాలి, ధర తక్కువుండాలి, ఎవరైనా సులువుగా ఎక్కి దిగాలి అనుకున్నప్పుడు అది తప్పు నిర్ణయమేమీ కాదు. కాకపోతే చక్రం వదులుకున్న పనిని ఇంకెవరో చెయ్యాలి. ఆ పని ఫోర్కు నెత్తిన పడింది.

ఫోర్కు అసలు పని మనిషికి సుఖం ఇవ్వడం అనుకుంటాం. అది రెండో పని. మొదటిది టైరును నేల వదలకుండా చూడడం, ఎందుకంటే నేలను వదిలిన టైరు తిరగమన్నా తిరగదు, ఆగమన్నా ఆగదు. ఈ సంగతిని డౌన్‌హిల్ వాళ్లు దెబ్బలు తిని నేర్చుకున్నారు. 1970ల చివర్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల మీద పాత సైకిళ్లతో పరుగులు మొదలైనప్పుడు ముందు ఫోర్కు ఒట్టి ఉక్కు. 1989లో పాల్ టర్నర్ రాక్‌షాక్స్ సంస్థ పెట్టి తెచ్చిన మొదటి ఫోర్కు కదలిక సుమారు 50 మిల్లీమీటర్లు. మరుసటి ఏడు కొలరాడోలోని డురాంగోలో తొలి అధికారిక ప్రపంచ పోటీలు జరిగాయి, డౌన్‌హిల్‌లో గ్రెగ్ హెర్బోల్డ్ గెలిచాడు. ఇప్పటి డౌన్‌హిల్ ఫోర్కు కదలిక 200 మిల్లీమీటర్లు, మోటారు సైకిలుకు ఉన్నట్టే కింద ఒకటి, పైన ఒకటి రెండు బిగింపులు. ఈ అంకెలు చూసి, కదలిక నాలుగు రెట్లయింది కాబట్టి సస్పెన్షన్ బాగుపడిందనుకుంటే అసలు విషయం జారిపోతుంది. బాగుపడింది అమరిక. రైడర్ సైకిలెక్కి నిలబడగానే ఫోర్కు కొంత దిగుతుంది, దాన్ని సాగ్ అంటారు. డౌన్‌హిల్‌లో మొత్తం కదలికలో పాతిక నుంచి ముప్ఫై శాతం దాకా అలా దిగేట్టు అమర్చుకుంటారు. ఎందుకంటే చక్రం పైకి లేవడమే కాదు, గుంత వస్తే కిందికి సాగి నేలను అందుకోవాలి కూడా. ఆ పైన ఫోర్కు నలిగే వేగాన్నీ తిరిగి లేచే వేగాన్నీ విడివిడిగా సరిచేసుకుంటారు. గాలి ఫోర్కయితే రైడర్ బరువును బట్టి ఎంత గాలి పట్టాలో పట్టిక ఇస్తారు. ఇంతా చేసి ఆ పరుగు ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. ఆ ఐదు నిమిషాలూ బండి మీద ఉండేది ఒకే మనిషి, పైన ఎంత తూగాడో కిందా అంతే.

మైలవరం దాటాక రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు చిక్కబడతాయి. నూజివీడు, రెడ్డిగూడెం, విస్సన్నపేట, తిరువూరు అంతా ఒకే మామిడి నేల. ఏప్రిల్, మే నెలల్లో బంగినపల్లి, రసాలు నున్న మామిడి మార్కెట్‌కు కదులుతాయి. పెద్ద తోటల సరుకు మినీ ట్రక్కు ఎక్కుతుంది, చిన్న రైతు సరుకు తోట నుంచి రోడ్డు దాకానైనా రెండు చక్రాల మీదే వస్తుంది. మోపెడ్ బరువు తొంభై కిలోల లోపు, నడిపే మనిషి అరవై అనుకుందాం. ఇరవై కిలోల ట్రేలు వెనక మూడు, కాళ్ల దగ్గర ఒకటి పెడితే నూటయాభై కాస్తా రెండువందల ముప్ఫై అవుతుంది. వెనక చక్రం మీది భారం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అంతకన్నా ఇబ్బంది, ట్రేలు వెనక ఇరుసు దాటి బయటికి జరిగినకొద్దీ ముందు చక్రం తేలికవుతుంది. హ్యాండిల్ చేతిలో గాలిలా ఆడుతుంది. గంట తర్వాత అదే బండి ఖాళీగా తోటకు తిరిగి వస్తుంది. డౌన్‌హిల్ రైడర్‌కు ఇంత తేడా వస్తే తర్వాతి పరుగుకు ముందు స్ప్రింగే మార్చుకుంటాడు. ఇక్కడ మార్చేది కాయల కింద వేసే గడ్డి మాత్రమే. దెబ్బ తగిలిన కాయకు తోటలో పలికిన ధర మార్కెట్లో పలకదు కనుక, ఈ రోడ్డు మీద సస్పెన్షన్ లెక్క తప్పితే దాని ఖరీదు రూపాయల్లోనే కట్టాలి.

బరువుకూ స్ప్రింగుకూ ఉన్న ఈ ముడిని అర్థం చేసుకోవడానికి మోపెడ్ కూడా అక్కర్లేదు, పల్లెవెలుగు బస్సు చాలు. తెల్లవారుజామున ఖాళీగా బయలుదేరే బస్సు వెనక సీట్లో నడుము విరుగుతుంది. అదే బస్సు సంత రోజు కిక్కిరిసి వస్తుంటే కుదుపు తగ్గి ఊపు మొదలవుతుంది. బస్సు మారలేదు, కమాన్ కట్టలు మారలేదు. నిండు బరువుకు సరిపోయేట్టు వేసిన పట్టీలకు ఖాళీ బస్సు ఒక లెక్కలోకే రాదు. దీనికి చిన్న సూత్రముంది. ముందే బిగించి పెట్టని మామూలు స్ప్రింగు బరువు కింద 50 మిల్లీమీటర్లు దిగితే, దాని మీది బండి సెకనుకు సుమారు 2.2 సార్లు ఊగుతుంది. 25 మిల్లీమీటర్లే దిగితే 3.2 సార్లు. బరువెంత, స్ప్రింగు గట్టితనమెంత అని విడివిడిగా అడగనక్కర్లేదు, ఎంత దిగిందన్నదొక్కటే ఊపును నిర్ణయిస్తుంది. అందుకే ఎంత బరువుకు అమర్చారో చెప్పకుండా ఫలానా బండి సస్పెన్షన్ బాగుంటుంది అనడంలో అర్థం లేదు. విజయవాడ, హైదరాబాద్ మధ్య తిరిగే ఖరీదైన బస్సుల్లో పట్టీల బదులు గాలి తిత్తులుంటాయి. జనం ఎక్కినకొద్దీ ఒక వాల్వు తనంతట తానే గాలి నింపి బస్సును అదే ఎత్తున నిలబెడుతుంది. అంటే మారే బరువుకు తగ్గట్టు సర్దుకునే విద్య కొత్తదీ కాదు, మన రోడ్లకు తెలియనిదీ కాదు. అది టికెట్ ధరను బట్టి దిగివస్తోంది, అంతే.

ఊళ్లు దగ్గరపడ్డకొద్దీ స్పీడ్ బ్రేకర్లు వస్తాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాలు స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల పొడవు ఉండాలని, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటే వాహనానికి ఇబ్బంది కాకూడదని చెప్పాయి. పక్క రోడ్ల మీద ఊరివాళ్లు కంకర, సిమెంటుతో పోసుకునే దిమ్మె అరమీటరు పొడవుంటే గొప్ప. ఎత్తు అంతే అయినా ఈ రెండింటి మధ్య ఫోర్కుకు కనిపించే తేడా మామూలుది కాదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, నియమం ప్రకారం కట్టిన దాని మీద చక్రం పైకి ఎక్కడానికి దాదాపు 0.22 సెకను పడుతుంది. ఊరి దిమ్మె మీద 0.03 సెకను. అంటే ఫోర్కు లోపలికి నలగవలసిన వేగం మొదటిచోట సెకనుకు అరమీటరు కూడా ఉండదు, రెండోచోట మూడు మీటర్లు దాటుతుంది. చక్రం గుండ్రంగా ఉండడం వల్ల, టైరు నలగడం వల్ల ఈ అంకెలు కొంత మెత్తబడతాయి, అయినా తేడా చాలా రెట్లే ఉంటుంది. డౌన్‌హిల్ వాళ్లు లో స్పీడ్, హై స్పీడ్ అని రెండు మీటలు పెట్టుకునేది దీనికోసమే. అది సైకిలు వేగం కాదు, ఫోర్కు నలిగే వేగం. బ్రేకు వేసినప్పుడు ముక్కు కిందికి వాలడం మెల్లగా జరిగే పని, రాయి తగలడం చటుక్కున జరిగే పని. మొదటిదాన్ని గట్టిగా ఆపాలి, రెండోదాన్ని పోనివ్వాలి.

మామూలు మోటారు సైకిలు ఫోర్కులో జరిగేది సరిగ్గా ఇందుకు తలకిందులు. లోపల గొట్టానికి చిన్న రంధ్రాలుంటాయి, నూనె వాటిగుండా దూరి పోవాలి. రంధ్రంగుండా నూనెను తోయడానికి కావలసిన బలం వేగంతో పాటు కాక, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం ఏడు రెట్లయితే బలం యాభై రెట్ల దాకా పోతుంది. కాబట్టి మెల్లని కదలికకు ఆ ఫోర్కు మరీ మెతక: బ్రేకు పట్టగానే ముక్కు వాలుతుంది, వాలిన ఫోర్కులో కదలిక సగం ముందే ఖర్చయిపోతుంది. దిమ్మె తగిలితే మాత్రం మరీ గట్టి: నూనె దూరేలోపు దెబ్బ మణికట్టుకు చేరుతుంది. డౌన్‌హిల్ ఫోర్కులో రంధ్రం మీద పలుచని ఉక్కు బిళ్లలు దొంతరగా ఉంటాయి, ఒత్తిడి పెరిగితే అవి వంగి దారి పెద్దది చేస్తాయి. విద్య అంతా ఆ బిళ్లల్లో ఉంది. దీనికి తోడు మన దగ్గర సీలు కారిన ఫోర్కులో అందుబాటులో ఉన్న ఇంజన్ ఆయిల్ పోసి పంపే అలవాటు ఒకటి. అది ఫోర్కు ఆయిల్ కన్నా చిక్కన. నలిగిన ఫోర్కు తిరిగి లేవడానికి ఆలస్యం చేస్తుంది. జంక్షన్ల ముందు వరసగా గీసిన రంబుల్ స్ట్రిప్పుల మీద ఒక గీత నుంచి లేవకముందే రెండోది తగులుతుంది, మూడోది తగిలేసరికి ఫోర్కు అడుగున కూర్చుని ఉంటుంది. మే నెల ఎండకు నూనె పలచబడుతుంది కదా, చిక్కని నూనె మంచిదే అనే వాదన విన్నాను. ఎండ ఒకవైపే పనిచేస్తే నిజమే. జనవరి తెల్లవారుజామునా అదే నూనె, అదే బండి.

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. సర్దుబాటు లేదంటున్నారు, స్ప్లెండర్ లాంటి బండికి వెనక షాక్ అబ్జార్బర్ల కింద ఐదు మెట్ల రింగు ఉంది కదా అని. ఉంది. కొక్కెం పానాతో తిప్పాలి, చాలా బళ్లలో కొన్న రోజు ఏ మెట్టు మీద ఉందో అమ్మిన రోజూ అక్కడే ఉంటుంది. ఇందులో నిర్లక్ష్యం కొంతే, అపార్థం ఎక్కువ. రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు, గట్టిగా ఉంటే కుదుపు ఎక్కువని వదిలేస్తారు. నిజానికి రింగు స్ప్రింగు గట్టితనాన్ని ఏమాత్రం మార్చదు. స్ప్రింగును ముందే కొంత నొక్కి పెట్టి, బరువు కింద బండి ఏ ఎత్తున కూర్చోవాలో మారుస్తుంది. ట్రేలతో వెనక భాగం కుంగిపోయిన బండిలో ఇదే కావాలి: వెనక లేస్తే ముందు చక్రం మీద కొంత బరువు తిరిగి పడుతుంది, ఫోర్కు కోణం సరవుతుంది, అడుగు తగలడం తగ్గుతుంది. మరీ ఎక్కువ బరువుకు రింగు చాలదు, గట్టి స్ప్రింగే కావాలి, అది ఒప్పుకోవలసిందే. అయితే ఉన్న ఐదు మెట్లనూ వాడకుండా ఆరోది లేదనడం న్యాయం కాదు. అదీగాక ఇదంతా వెనక చక్రం కథ. ముందు ఫోర్కుకు ఆ రింగు కూడా లేదు.

అసలు రోడ్డు బాగుచేస్తే ఇవన్నీ ఎందుకు అనేది ఇంకా బలమైన అభ్యంతరం. రోడ్డు బాగుచేయాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఈ దారే ఆ వాదనకు హద్దు చూపిస్తుంది. జాతీయ రహదారి నున్నగా ఉన్నచోట బళ్ల వేగం పెరుగుతుంది, పెరిగిన వేగంతోనే ఊరి మొదట్లో దిమ్మె ఎక్కుతాయి. తోటలోకి పోయే బాట మట్టిబాటే, ట్రాక్టరు చక్రాల చాళ్లతో. మంచి రోడ్డు సస్పెన్షన్ అవసరాన్ని తీసెయ్యదు, దాన్ని చివరి రెండు కిలోమీటర్లకు తోసి అక్కడ గట్టిచేస్తుంది. ధర మాటేమిటంటే, లక్షలు పోసే పందెం సైకిలు సరంజామాను మోపెడ్‌కు తగిలించమని ఎవరూ అడగడం లేదు. వంగే బిళ్లల వాల్వు చేసే పనినే పాత పద్ధతి ఫోర్కులో చేసే చిన్న భాగాలు మోటారు సైకిళ్లకు ఎప్పటి నుంచో దొరుకుతున్నాయి, ఫోర్కంతా మార్చనక్కర్లేదు. దుమ్ముకు మీటలు బిగుసుకుపోతాయన్నది నిజమే, అందుకే మీటలు తక్కువుండాలి. తిప్పడానికి ఎవరికి తీరిక అంటే, ట్రేలు కట్టడానికి తాడు బిగించే మనిషి అంతకన్నా శ్రమే పడుతున్నాడు. రింగు చేత్తో తిరిగేట్టు ఉంటే ఆ తాడు బిగింపుతో పాటే అయిపోతుంది.

కొంచెం పక్కకు పోయి చెప్పాలంటే, సైకిలు దుకాణాల్లో పిల్లలు మోజుపడే రెండు వైపులా స్ప్రింగులున్న చవక సైకిళ్లు ఈ కథలో విదూషకుల్లాంటివి. వాటిలో చాలావాటికి స్ప్రింగుంటుంది, నూనె ఉండదు. ఒకసారి నలిగితే ఆగేదాకా ఎగురుతూనే ఉంటాయి, తొక్కిన బలంలో కొంత స్ప్రింగు తినేస్తుంది. కొండ దిగే సైకిలు ఆకారం మన దాకా వచ్చింది, లోపలి విషయం రాలేదు.

తిరువూరు సెంటర్ దాటి గంపలగూడెం వైపు మళ్లితే రోడ్డు సన్నబడుతుంది. కట్టలేరు వాగు పొంగితే ఆ వైపు రాకపోకలు తెగిపోతాయి. నీళ్లు తీశాక రోడ్డు అంచులు కోసుకుపోయి ఉంటాయి. పత్తి, మిరప, మామిడి, కూలీలు అన్నీ ఈ సన్న రోడ్ల మీదే కదులుతాయి. ఇక్కడి బళ్లకు డౌన్‌హిల్ నుంచి ఇవాళే తెచ్చుకోదగ్గది ఒకటుంది, ఖర్చు లేనిది. ఆ రైడర్లు ఫోర్కు మెరిసే గొట్టానికి రబ్బరు రింగు తొడుగుతారు. ఫోర్కు నలిగినప్పుడు రింగు పైకి జరిగి అక్కడే ఆగుతుంది, ఎంత వాడామో కిందికి వచ్చాక చూసుకుంటారు. మోటారు సైకిలు ఫోర్కుకు రబ్బరు తొడుగు ఉంటే పైకి లాగి, ఒక ప్లాస్టిక్ టై వదులుగా కట్టినా చాలు. ఖాళీగా ఒకసారి, ట్రేలతో ఒకసారి తోట బాట మీద తిరిగి చూడాలి. టై సగం కూడా కదలకపోతే ఫోర్కు గట్టి, ప్రతిసారీ చివరికంటా పోతే మెతక. షోరూములో ఎవరూ చెప్పని ఈ లెక్క ఏ మెకానిక్ షాపు ముందైనా తీయొచ్చు. దాన్ని పట్టుకుని కంపెనీని అడగవలసింది కూడా పెద్దదేమీ కాదు. పందెం ఫోర్కుకు రైడర్ బరువును బట్టి నాలుగైదు రకాల స్ప్రింగులు రంగుల గుర్తులతో అమ్ముతారు. మోపెడ్‌కు, చిన్న మోటారు సైకిలుకు కూడా మామూలు వాడకానికి ఒకటి, బరువు మోసేవాళ్లకు ఒకటి, ముందుకూ వెనక్కూ, విడి భాగాల కొట్లో దొరకాలి. బండి పుస్తకంలో గాలి ఎంత పట్టాలో చెప్పే పట్టిక పక్కనే, ఎన్ని కిలోలకు ఏ స్ప్రింగు, రింగు ఏ మెట్టు అని తెలుగులో ఇంకొక పట్టిక అచ్చవ్వాలి.